హాలో పెద్దదే, గడ్డి మాత్రం కరగలేదు: ఒక సెల్యులోజ్ కేస్ స్టడీ

పంట కోత తర్వాత మిగిలే గడ్డిని త్వరగా కుళ్లబెట్టడానికి తయారుచేసిన ఒక ఫంగస్ కల్చర్ పరీక్ష కోసం మా ల్యాబ్‌కు వచ్చింది. దాంతో పాటు రెండు సంచులు వచ్చాయి. ఒకదానిలో ఆ కల్చర్ చల్లిన కుప్పలోంచి తీసిన గడ్డి, ఇంకోదానిలో చాలాకాలంగా గడ్డి మోళ్లు నేలలోనే కుళ్లుతున్న చోటి మట్టి. పంపినవాళ్ల ప్రశ్న ఒక్కటే: ప్లేటు మీద అంత పెద్ద హాలో (కాలనీ చుట్టూ వచ్చే లేత రంగు వలయం) ఇచ్చిన ఫంగస్ కుప్పలో ఎందుకు పనిచేయలేదు? కల్చర్ చల్లిన కుప్పకూ, చల్లని కుప్పకూ వాళ్లకు తేడా కనిపించలేదు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గడ్డిలో ప్రధాన భాగమైన సెల్యులోజ్‌ను (గ్లూకోజ్ యూనిట్ల పొడవాటి గొలుసులు) కరిగించే శిలీంధ్రాల కోసం వెతికేవాళ్లలో చాలామంది హాలో సైజు చూసి ఎంపిక ముగించేస్తున్నారు. ఎంజైమ్ ఉందా అన్న ప్రశ్నకు హాలో జవాబు చెబుతుంది. పాలిమర్, అంటే ఆ పొడవాటి గొలుసుల పదార్థం, కరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు పాలిమర్‌నే అడగాలి.

హాలో చెప్పేది ఎంత

వచ్చిన కల్చర్‌ను శుద్ధి చేస్తే నల్లటి స్పోర్లతో ఆస్పర్జిల్లస్ నైగర్ గుంపుకు చెందిన ఫంగస్ తేలింది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, అంటే సీఎంసీ కలిపిన ఆగర్ మీద దాన్ని పెంచి, 0.1 శాతం కాంగో రెడ్ అనే రంగు పోసి, పావుగంట తర్వాత ఒక మోలార్ ఉప్పునీళ్లతో కడిగాం. ఇది 1982లో టీథర్, వుడ్ చెప్పిన పద్ధతి. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో ఇదే నడుస్తోంది. కాలనీ చుట్టూ వెడల్పాటి లేత రంగు వలయం వచ్చింది. పంపినవాళ్లు చెప్పింది నిజమే.

అయితే సీఎంసీ అసలైన సెల్యులోజ్ కాదు. సెల్యులోజ్ గొలుసుకు అక్కడక్కడా కార్బాక్సీమిథైల్ గుంపులు తగిలించి నీళ్లలో కరిగేలా చేసిన పదార్థం అది. గొలుసులు ఇప్పటికే విడివిడిగా ఉంటాయి కాబట్టి మధ్యలో ఎక్కడ తెగినా చాలు, పొడవు ఒక్కసారిగా తగ్గిపోతుంది. పొట్టి ముక్కలను కాంగో రెడ్ గట్టిగా పట్టుకోలేదు, ఉప్పునీళ్లకు కొట్టుకుపోతుంది. అదే హాలో. అంటే అక్కడ ఎండోగ్లూకనేజ్, అంటే గొలుసును మధ్యలో కోసే ఎంజైమ్, పనిచేసిందని మాత్రమే అర్థం. చక్కెర విడుదలైందని కూడా అది రుజువు చేయదు.

ఇంకో చిక్కు ఉంది. ఆస్పర్జిల్లస్ నైగర్ సిట్రిక్, ఆక్సాలిక్, గ్లూకోనిక్ ఆమ్లాలను ధారాళంగా వదులుతుంది. కాంగో రెడ్ స్వయంగా ఒక ఆమ్ల సూచిక. పీహెచ్ 5 పైన ఎరుపు, 3 దగ్గరికి దిగితే నీలం. ఈ కాలనీ అంచున రంగు నీలం ఊదాకు తిరిగింది. ఆమ్లం వల్ల మారిన రంగును కూడా హాలోలో కలిపి కొలిస్తే అంకె పెరిగిపోతుంది. అందుకే రంగు వేసే ముందు పీహెచ్ 7 బఫర్‌తో ప్లేట్లను కడిగి మళ్లీ చేశాం. హాలో కొంత తగ్గింది, కానీ పోలేదు. ఎండోగ్లూకనేజ్ నిజంగానే ఉంది. ఆగర్ మందం, కాలనీ పెరిగే వేగం, ఎంజైమ్ ఆగర్‌లో పాకే వేగం కూడా ఈ వెడల్పును మారుస్తాయి. అందుకని రెండు ఫంగస్‌ల హాలోలను పక్కపక్కన పెట్టి పెద్దది గెలిచిందనడాన్ని నేను ఒప్పుకోను.

ఫిల్టర్ పేపర్ దగ్గర ఆగిపోయింది

తర్వాతి పరీక్షకు ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. ఖనిజ లవణాలు, నైట్రోజన్ తప్ప మరే కార్బన్ ఆధారమూ లేని ద్రవాన్ని టెస్ట్ ట్యూబులో పోసి, వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్ పట్టీని సగం మునిగేలా నిలబెట్టి, ఫంగస్ వేసి వదిలేయడమే. సెల్యులోజ్‌ను నిజంగా కరిగించే ఫంగస్ అయితే ద్రవం అంచున పేపర్ మెత్తబడి, ట్యూబును తడితే అక్కడ విరిగిపోతుంది. నల్ల ఆస్పర్జిల్లస్ పేపర్ మీద పలచగా పెరిగి, స్పోర్లు కూడా వేసింది. పేపర్ మాత్రం చెక్కుచెదరలేదు. సీఎంసీని కోసిన ఎంజైమే ఇక్కడా ఉంది, అయినా పని జరగలేదు.

ఎందుకంటే అసలు సెల్యులోజ్‌లో గొలుసులు ఒంటరిగా ఉండవు. పత్తి సెల్యులోజ్‌లో ఒక్కో గొలుసులో 10,000 దాకా గ్లూకోజ్ యూనిట్లు ఉంటాయి. అలాంటి గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కుని, పేనిన తాడులా బిగిసి, చాలా భాగం స్ఫటికంగా మారతాయి. నీళ్లే లోపలికి సరిగా దూరలేని చోట ఎంజైమ్ ఎలా దూరుతుంది? ఎండోగ్లూకనేజ్ వదులుగా ఉన్న చోట్ల గాట్లు పెట్టగలదు, అంతే. తెగిన కొనను పట్టుకుని గొలుసును స్ఫటికం మీద నుంచి పైకి లేపి, రెండేసి గ్లూకోజ్‌ల చొప్పున కోసుకుంటూ పోయే ఎంజైమ్ వేరు. అది సెల్లోబయోహైడ్రొలేజ్. ట్రైకోడెర్మా రీసై అనే ఫంగస్‌లో ఇలాంటివి రెండు: సెల్7ఏ అనేది గొలుసుకు ఒక కొన నుంచి, సెల్6ఏ అనేది అవతలి కొన నుంచి పని మొదలుపెడతాయి. సెల్7ఏ క్రియా స్థానం సొరంగంలా ఉంటుందని 1994లో దాని స్ఫటిక నిర్మాణం చూపించింది. గొలుసు ఒకసారి సొరంగంలోకి వచ్చాక, వదలకుండా చాలాదూరం కోసుకుంటూ వెళుతుంది. దానికి చిన్న తోకలాంటి భాగం ఉంటుంది. అందులోని టైరోసిన్ వలయాలు సెల్యులోజ్ చదును ముఖానికి అతుక్కుని ఎంజైమ్‌ను పాలిమర్ మీదే నిలబెడతాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు కుళ్లిపోతుంటే, వాటి నుంచి వేరుచేసిన ఫంగసే తర్వాత క్యూఎం6ఏ అన్న పేరుతో సెల్యులేజ్ (సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్‌లు) పరిశోధనలో చాలా భాగానికి మూలమైంది. ఆ పరిశోధనలో పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీదే దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. రీస్ బృందం 1950లోనే ఒక విషయం గమనించింది. కరిగే సెల్యులోజ్ రూపాలను చాలా సూక్ష్మజీవులు కోయగలవు, చెక్కుచెదరని పత్తిని కరిగించగలిగేవి మాత్రం కొన్నే. ఆ తేడాను వివరించడానికి వాళ్లు సీ1 (బిగిసిన గొలుసులను ముందు వదులుచేసేది), సీఎక్స్ (వదులైన గొలుసులను కోసేది) అనే రెండు అంశాలను ప్రతిపాదించారు. ఆ సీ1 ఏమిటన్న చర్చ దశాబ్దాలు సాగింది. 2010 తర్వాత దానికి కొత్త కోణం దొరికింది. లైటిక్ పాలీశాకరైడ్ మోనోఆక్సిజనేజ్‌లు, అంటే ఎల్‌పీఎంవోలు, స్ఫటిక ముఖం మీదే గొలుసును ఆక్సీకరణంతో తెంచుతాయని తెలిసింది. వాటి గుండెలో ఒక రాగి అయాన్ ఉంటుంది. వాటిలో శిలీంధ్రాల్లో కనిపించే ఒక గుంపును అంతకుముందు జీహెచ్61 అనే పేరుతో బలహీనమైన ఎండోగ్లూకనేజ్‌లుగా లెక్కేసేవారు. ఇప్పుడా గుంపు ఏఏ9 కుటుంబం.

ఇదంతా ఈ కేసుకు ఎందుకంటే, 1950లో చెప్పిన తేడానే మా ముందున్న రెండు పరీక్షల్లో మళ్లీ కనిపించింది. వచ్చిన కల్చర్ సీఎంసీ మీద గెలిచింది, పేపర్ మీద ఓడింది.

మట్టిలో ఎవరున్నారు

మట్టి నుంచి ఫంగస్‌ను తీసేటప్పుడు డైల్యూషన్ ప్లేటింగ్ (మట్టిని నీళ్లలో పలచన చేసి ప్లేటు మీద పోయడం) ఒక్కటే చేస్తే స్పోర్లు ఎక్కువ వేసేవే ప్లేటు నిండా వస్తాయి. పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ వరస కట్టేస్తాయి. గడ్డి ముక్క లోపల నిశ్శబ్దంగా పోగులు పాకించుకుని పనిచేస్తున్నది కనపడకుండా పోతుంది. అందుకని మట్టిలోంచి కుళ్లుతున్న గడ్డి ముక్కలను ఏరి, స్పోర్లు పోయేదాకా స్టెరైల్ నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, ముక్కలనే ఆగర్ మీద పెట్టాం. ఆ మట్టిలోనే ఫిల్టర్ పేపర్ ముక్కలు పాతిపెట్టి, వాటి మీద మచ్చలు కట్టిన చోటు నుంచి కూడా తీశాం. పాలిమర్‌నే ఎరగా వేయడం నాకు ఎప్పుడూ మంచి ఫలితమే ఇచ్చింది.

మూడు రకాలు పదేపదే వచ్చాయి. ఆకుపచ్చ స్పోర్ల ట్రైకోడెర్మా ఒకటి. వెంట్రుకల్లాంటి తొడుగున్న పెరిథీసియాలతో (స్పోర్లు తయారయ్యే చిన్న బుడ్లు) కీటోమియం ఒకటి. మూడోది ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్. ఈ మూడోది 37 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది, మనిషి ఊపిరితిత్తుల్లో జబ్బు తెస్తుంది. సెల్యులోజ్ మీద ఎంత బాగా పనిచేసినా దాన్ని పొలంలో చల్లే కల్చర్‌గా వాడకూడదు. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో గుర్తింపు పూర్తిచేసి అక్కడితో ఆపేశాం.

ట్రైకోడెర్మా సీఎంసీ ప్లేటు మీద ఇచ్చిన హాలో నల్ల ఆస్పర్జిల్లస్ హాలో కన్నా చిన్నది. హాలో కొలిచి ఎంపిక చేసి ఉంటే ఇది జాబితాలో కిందికి పోయేది. పేపర్ ట్యూబులో మాత్రం పట్టీని ద్రవం అంచున తెంచేసింది. కీటోమియం కూడా తెంచింది, కాస్త ఆలస్యంగా.

సగంలో ఆగే పని

ఇక్కడితో ట్రైకోడెర్మాను ఎంపిక చేసి పంపేయొచ్చు అనిపిస్తుంది. కానీ దాని కల్చర్ ఫిల్ట్రేట్‌తో (ఫంగస్‌ను వడకట్టేశాక మిగిలిన, ఎంజైమ్‌లున్న ద్రవం) చేసిన పరీక్షలో ఇంకో సమస్య బయటపడింది. నా ఉద్దేశంలో ఈ కేసులో ఎక్కువ నేర్పే భాగం ఇదే.

ఎంజైమ్ బలాన్ని చెప్పే ఫిల్టర్ పేపర్ యూనిట్‌ను కొలిచే ప్రామాణిక పద్ధతిలో 50 మిల్లీగ్రాముల పేపర్ పట్టీని, పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్‌లో, 50 డిగ్రీల దగ్గర, 60 నిమిషాలు ఎంజైమ్‌తో ఉంచుతారు. విడుదలైన రెడ్యూసింగ్ షుగర్‌ను, చక్కెరతో రంగు మారే డీఎన్ఎస్ రియేజెంట్‌తో 540 నానోమీటర్ల దగ్గర చదువుతారు. గంటలో 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్‌కు సమానమైన చక్కెర రావాలి, అంటే పేపర్‌లో సుమారు 4 శాతం కరగాలి. దానికి ఎంత ఎంజైమ్ పట్టిందో చూసి లెక్క వేస్తారు. ట్రైకోడెర్మా ఫిల్ట్రేట్ ఈ గీత దాటింది. అయితే అదే పరీక్షను ఇంకా పొడిగించి, మధ్యమధ్యలో నమూనాలు తీస్తే చక్కెర వక్రరేఖ తొందరగానే వంగి చదునైపోయింది. ఫంగస్ లేని ఫిల్ట్రేటే వాడాం, బ్యాక్టీరియా పెరగకుండా సోడియం అజైడ్ వేశాం. కాబట్టి చక్కెరను ఎవరో తినేశారన్న అనుమానం లేదు. పేపర్ కూడా ఇంకా మిగిలే ఉంది. మరి ఎందుకు ఆగింది?

ద్రవాన్ని, అందులోని చక్కెరలను వేర్వేరు మచ్చలుగా విడదీసే థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ ప్లేటు మీద నడిపితే గ్లూకోజ్ మచ్చ పలచగా, సెల్లోబయోజ్ మచ్చ ముదురుగా వచ్చాయి. గ్లూకోజ్‌ను మాత్రమే చూసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ పరీక్ష కూడా అదే చెప్పింది. సెల్లోబయోహైడ్రొలేజ్ కోసిన రెండు గ్లూకోజ్‌ల ముక్క, అంటే సెల్లోబయోజ్, అక్కడే పేరుకుపోతోంది. అది సెల్7ఏ సొరంగంలోనే కూర్చుని దాని పనిని అడ్డుకుంటుంది. ఆ ముక్కను రెండుగా విడగొట్టాల్సిన బీటా గ్లూకోసిడేజ్ ట్రైకోడెర్మా ఫిల్ట్రేట్‌లో చాలలేదు. ఈ జాతిలో ఇది బాగా తెలిసిన లక్షణం. రీసైలో ఆ ఎంజైమ్ బయటికి వదిలేది తక్కువ, చాలా భాగం కణకవచానికే అంటుకుని ఉంటుంది. ఫంగస్ తన పోగుల పక్కన సెల్లోబయోజ్‌ను కోసుకుని తినేస్తుంది కాబట్టి దానికి అంత ఇబ్బంది ఉండదు. ఫిల్ట్రేట్‌ను విడిగా వాడినప్పుడు లోటు బయటపడుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. బీటా గ్లూకోసిడేజ్ సెల్లోబయోజ్‌ను విడగొట్టడమే కాదు, కొన్నిసార్లు గ్లూకోజ్‌లను వేరే బంధంతో అతికి సోఫరోజ్ తయారుచేస్తుంది. ట్రైకోడెర్మా రీసైలో సెల్యులేజ్ జన్యువులను లేపే బలమైన సంకేతం ఈ సోఫరోజే. మరోవైపు గ్లూకోజ్ ఎక్కువైతే సీఆర్ఈ1 అనే రెప్రెసర్ ఆ జన్యువులను మూసేస్తుంది. అంటే సెల్లోబయోజ్ పేరుకుంటే ఒక తంటా, గ్లూకోజ్ ఎక్కువైతే ఇంకో తంటా. పంపినవాళ్లు తమ కల్చర్‌ను చక్కెర ఎక్కువున్న మీడియంలో పెంచుతున్నారని అడిగితే తెలిసింది. స్పోర్లు బాగా వస్తాయి, కానీ ఆ మీడియంలో సెల్యులేజ్ దాదాపు తయారవదు. గడ్డి కలిపిన మీడియానికి మార్చమని చెప్పాం.

ఇక్కడ పేపర్ పరీక్షలో ఓడిన నల్ల ఆస్పర్జిల్లస్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. బీటా గ్లూకోసిడేజ్‌కు ఆస్పర్జిల్లస్ నైగర్ పేరుమోసిన ఉత్పత్తిదారు. దాని ఫిల్ట్రేట్‌ను ట్రైకోడెర్మా ఫిల్ట్రేట్‌లో కొద్దిగా కలిపితే సెల్లోబయోజ్ మచ్చ తగ్గింది, గ్లూకోజ్ మచ్చ ముదిరింది, చదునైన వక్రరేఖ మళ్లీ పైకి లేచింది. ఆస్పర్జిల్లస్ ఫిల్ట్రేట్‌ను మరిగించి కలిపితే ఏ మార్పూ రాలేదు. పేపర్ మీద ఒంటరిగా ఏమీ చేయలేనిది, ఇంకొకరు మొదలుపెట్టిన పనిని ముందుకు నడపగలిగింది. ఆ కల్చర్ చెడ్డదని కాదు. చేతకాని పనికి ఒంటరిగా పంపారు.

రెండింటినీ ఒకే ఫ్లాస్కులో ఒకేసారి వేస్తే మాత్రం పని చెడింది. ట్రైకోడెర్మా ఇతర శిలీంధ్రాల మీద దాడి చేసే రకం. పోగులను చుట్టుకుని, కైటినేజ్ ఎంజైమ్‌లతో వాటి కణకవచంలోని కైటిన్‌ను కరిగిస్తుంది. కైటిన్ కూడా సెల్యులోజ్ లాంటి గట్టి పాలిమరే. దాన్ని కోసే సరంజామా ఈ ఫంగస్ దగ్గర పుష్కలంగా ఉంది. విడివిడిగా పెంచి కలిపినప్పుడు ఫలితం స్థిరంగా వచ్చింది.

గడ్డి పేపర్ కాదు

పేపర్ దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. గడ్డిలో సెల్యులోజ్ బరువులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాని చుట్టూ హెమీసెల్యులోజ్ (ఇతర చక్కెరల గొలుసులు), దాన్నంతా బిగించి లిగ్నిన్ (మొక్కకు గట్టిదనమిచ్చే పదార్థం). కలిపిన ఫిల్ట్రేట్‌ను పొడిచేసిన గడ్డి మీద వేస్తే పేపర్ మీద వచ్చినంత చక్కెర రాలేదు. లోటు ఎంజైమ్‌లోనా, గడ్డిలోనా? అదే గడ్డిలో కొంత భాగాన్ని పలచని సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, క్షారం పోయేదాకా కడిగి, మళ్లీ అదే ఎంజైమ్ వేశాం. చక్కెర బాగా పెరిగింది. క్షారం లిగ్నిన్‌కూ హెమీసెల్యులోజ్‌కూ మధ్య ఉన్న ఫెరూలిక్ ఆమ్లపు ఎస్టర్ బంధాలను తెంచుతుంది, లిగ్నిన్‌లో కొంత కడిగేస్తుంది, సెల్యులోజ్‌ను ఉబ్బిస్తుంది. ఎంజైమ్ సరిపోయేంత ఉంది, దారే మూసుకుని ఉందన్నమాట. ఈ క్షార పరీక్ష కారణం తెలుసుకోవడానికే. కుప్పలకు వాడమని మేం చెప్పలేదు.

ట్రైకోడెర్మాకు గానీ ఆస్పర్జిల్లస్‌కు గానీ లిగ్నిన్‌ను పూర్తిగా విచ్ఛిన్నం చేసే శక్తి లేదు. ఆ పని తెల్ల కుళ్లు శిలీంధ్రాలది. ఫానెరోకీటి క్రైసోస్పోరియంలో లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో కనుగొన్నారు. దాని విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ ఫంగస్ ఎక్కువగా నైట్రోజన్ కరువైనప్పుడే లిగ్నిన్ జోలికి వెళుతుంది. గడ్డి త్వరగా కుళ్లాలని యూరియా వేసిన కుప్పలో దాన్ని చల్లితే ఆశించిన లాభం రాకపోవచ్చు.

బరువు తగ్గడం గురించి కూడా చెప్పాలి. గడ్డి ఎంత పోయిందో తూకంతో చూసేటప్పుడు మిగిలిన ముద్దలో ఫంగస్ ఒళ్లు కూడా ఉంటుంది. డిటర్జెంట్ ఫైబర్ పద్ధతిలో ఏడీఎఫ్ (ఆమ్ల డిటర్జెంట్‌లో కరగని నార) నుంచి ఏడీఎల్ (బలమైన ఆమ్లంలోనూ కరగకుండా మిగిలే లిగ్నిన్) తీసేసి సెల్యులోజ్ లెక్క కడతాం. 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సెల్యులోజ్‌తో పాటు ఫంగస్ కైటిన్ కూడా కరుగుతుంది కాబట్టి అది సెల్యులోజ్ ఖాతాలో పడే వీలుంది. పక్కనే కైటిన్ నుంచి వచ్చే గ్లూకోసమైన్ కొలిచి ఫంగస్ వాటాను అంచనా వేయకపోతే, బాగా పెరిగిన ఫంగసే తక్కువ పనిచేసినట్టు కనిపిస్తుంది.

కుప్ప వేడి, కుప్ప పీహెచ్

పెద్ద కుప్ప వేసిన కొన్నాళ్లకే లోపలి వేడి 60 డిగ్రీల దాకా వెళుతుంది. శిలీంధ్రాల పెరుగుదలకు పైహద్దు 60 నుంచి 62 డిగ్రీల ప్రాంతంలో ఉంది. ఆ హద్దు దగ్గర పెరిగేవి కొన్నే, వాటిలో ట్రైకోడెర్మా లేదు. మొదటి రోజే చల్లితే మధ్య భాగంలో అది చచ్చిపోతుంది. పంపినవాళ్లు మొదటి రోజే చల్లారు. ఇక పీహెచ్. మా పరీక్ష 4.8 దగ్గర, వాళ్ల గడ్డి నీళ్లలో నానబెడితే వచ్చింది క్షారం వైపు. ఫిల్ట్రేట్‌ను ఆ పీహెచ్‌లో నడిపితే పని బాగా పడిపోయింది. ల్యాబులో వచ్చిన యూనిట్ల అంకెను కుప్పకు నేరుగా అన్వయించలేం.

నివేదికలో మేం రాసిన సిఫార్సులు ఇవి. నల్ల ఆస్పర్జిల్లస్‌ను ఒంటరిగా వాడటం ఆపాలి. ట్రైకోడెర్మాను గడ్డి మీదే పెంచాలి. ఆస్పర్జిల్లస్‌ను విడిగా పెంచి, ఆక్రటాక్సిన్ అనే విషం తయారుచేయని రకమని పరీక్షలో తేలాకే తడి రూపంలో కలపాలి. పొడి స్పోర్లు గాలిలోకి లేచేలా చల్లకూడదు. కుప్ప వేడి తగ్గి చేత్తో పట్టుకోగలిగే స్థితికి వచ్చాక చల్లాలి. లిగ్నిన్ మిగిలిపోతుందని ముందే చెప్పాలి, గడ్డి మొత్తం మాయమవుతుందని ఎవరికీ మాట ఇవ్వకూడదు. కీటోమియం రకాన్ని దాచిపెట్టాం, తటస్థ పీహెచ్‌లో దాని ఎంజైమ్‌లు ఎలా ఉంటాయో చూడాల్సి ఉంది.

తర్వాతి ప్రయోగానికి పోలిక ఎలా పెట్టాలో కూడా రాశాం. ఏమీ చల్లని కుప్ప ఒక్కటే సరిపోదు. కల్చర్‌తో పాటు వెళ్లే పోషకాలు కూడా కుప్పలోని సూక్ష్మజీవులను లేపుతాయి. అందుకని ఆటోక్లేవ్ చేసి చంపిన అదే కల్చర్‌ను అంతే మోతాదులో ఇంకో కుప్పలో చల్లాలి. తూచిన గడ్డిని సన్నని వల సంచుల్లో పెట్టి మూడు కుప్పల్లోనూ ఒకే లోతులో పాతాలి. చంపిన కల్చర్ వేసిన సంచుల కన్నా బతికున్న కల్చర్ వేసిన సంచుల్లో, గ్లూకోసమైన్ సవరణ తర్వాత కూడా, సెల్యులోజ్ తక్కువగా మిగిలితేనే ఆ కల్చర్ పనిచేసినట్టు.